మన అండమాన్ దీవుల కబుర్లు

అందరికీ నమస్కారం. ఎండలు ముదిరాయి, ధనిఖారి డ్యాంలో నీళ్లు తగ్గే కాలం ఇది. కుళాయి వచ్చిన పూటే డ్రమ్ములు, బిందెలు నింపి మూతలు పెట్టుకోండి. పక్కింట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే వాళ్లవి కూడా నింపిపెట్టండి. మే నెలలో వాన అందుకునేదాకా ఇంతే.

విశాఖ ఓడకు వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు టైము మళ్లీ కనుక్కోండి. ప్రయాణం రెండు రోజుల పైమాటే కాబట్టి మందులు పెట్టెలో పడేయకుండా చేతిసంచిలో ఉంచుకోండి.

డిగ్లీపూర్ వైపు వెళ్తే కాలీపూర్ తీరం తప్పక చూడండి. నాలుగు రకాల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు అది. మన శ్రీకాకుళం తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీలు కూడా వాటిలో ఉన్నాయి. ఒక్కో తల్లి వంద దాకా గుడ్లు పెట్టి, వెనక రెక్కలతో ఇసుక కప్పి, సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఇసుక వేడిని బట్టే పిల్ల ఆడో మగో తేలుతుంది, వేడెక్కువైతే ఆడవే ఎక్కువ. పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి వెలుతురున్న వైపు పాకుతాయి. మన టార్చి వెలిగితే సముద్రం వదిలేసి మనవైపే వస్తాయి. దయచేసి ఫ్లాష్ వేయకండి, మీ ఇంట్లో పిల్లలకూ ముందే చెప్పి తీసుకెళ్లండి.

హట్‌బే, రంగత్ వాళ్లు మీ ఊరి సంగతులు కూడా ఇక్కడ పెట్టండి.