మన వింతకార్ల సంఘం 2024–25 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం. గడిచిన ఏడాది పనుల నివేదికను సభ ముందుంచే బాధ్యతను నియమావళి కార్యదర్శికి అప్పగించింది కనుక ఈ కాగితాలు చదువుతున్నాను. మన ఆశయాలు ఇక్కడున్న వారందరికీ తెలిసినవే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

నెలకొకటి చొప్పున పన్నెండు సమావేశాలు జరగవలసి ఉండగా తొమ్మిదే జరిగాయి. ఒకటి వరదల వల్ల ఆగింది. మిగిలిన రెండూ కుర్చీలు వేయించి, టీ చెప్పి, ఎదురుచూసి, మనుషులు చాలక ఆపినవి. జరిగిన వాటిలో మన విశ్రాంత భౌతికశాస్త్ర మాస్టారి ప్రసంగాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంటు కోరిన తొలి మోటారు బండికి ఉన్నవి మూడు చక్రాలేననీ, ముందు రెండు చక్రాలను సరిగా తిప్పే పద్ధతి ఆయనకు అప్పటికి కుదరకపోవడమే అందుకు కారణమనీ వారు వివరించారు. ముందొకటి, వెనక రెండు చక్రాలున్న బండ్లను ఆ విద్య తెలిసినవారు ‘డెల్టా’ అంటారు. ముందు రెండు, వెనక ఒకటి ఉన్న పాత ఇంగ్లీషు మోర్గాన్ కారు వంటి వాటిని తోకకప్పతో పోలుస్తారు. ఏ గ్రీకు అక్షరం ఆకారాన్ని బట్టి మన నేలకు డెల్టా అన్న పేరు వచ్చిందో, ఆ బండ్లకూ దాన్ని బట్టే వచ్చిందని చెప్పగానే చప్పట్లు మోగాయి. అయితే మలుపులో బ్రేకు వేస్తే బరువంతా ముందుకూ బయటివైపుకూ తోసుకువస్తుందనీ, ఆ మూలన చక్రం లేదు కనుక డెల్టా బండి బోల్తాపడే ప్రమాదం ఎక్కువనీ ఆయన అన్నప్పుడు, రోజూ కాలువ గట్ల మీద ఆటోల్లో తిరిగే మనలో ఎవరమూ కాదనలేకపోయాము.

హైదరాబాదులోని సుధా కార్ల మ్యూజియం సందర్శనకు ఇరవై మంది పేర్లిచ్చారు, నరసాపురంలో రైలెక్కింది తొమ్మిది మంది. రానివారికి ఏం పోయిందో తెలియడానికి చెబుతున్నాను: వంకాయ, క్రికెట్ బ్యాటు, బూటు ఆకారాల్లో ఉన్న కార్లను చూశాము. 2005లో గిన్నిస్ రికార్డు తెచ్చిన, 41 అడుగులకు పైబడిన ఎత్తున్న మూడు చక్రాల సైకిలును తయారుచేసింది కూడా ఆ మ్యూజియం పెట్టిన సుధాకర్ గారే.

ఇక ఈ ఏడాది మన సంఘం తలెత్తుకునేలా చేసిన పని, రాజోలు సభ్యుల కొబ్బరితోటలో ఇరవై ఏళ్లుగా పడి ఉన్న ‘బాదల్’ కారును మళ్లీ నడిపించడం. 1970ల నడుమ బెంగళూరులోని సన్‌రైజ్ సంస్థ తయారుచేసిన ఈ మూడు చక్రాల కారుకు ఒళ్లంతా ఫైబరే, ఇంజను వెనక ఉంటుంది. ఆ సంస్థే తరువాత సిపానీగా మారి, ఇంగ్లండులోని రిలయంట్ వారి కిటెన్ నమూనాతో డాల్ఫిన్ కారును తెచ్చింది. తోటలో దీని పక్కనే ఉన్న అంబాసిడర్ ఉప్పుగాలికి పొరలుపొరలుగా రాలిపోగా, బాదల్ ఒంటికి తుప్పన్నది లేదు. ఉన్నదల్లా పైకప్పు మీద కొబ్బరికాయ పడి చేసిన చిల్లు, అక్కడి నుంచి ముందు అద్దం దాకా పాకిన చీలిక. కార్ల షెడ్డువారు ముగ్గురు చూసి పెదవి విరిచారు. చివరకు అంతర్వేది వైపు ఫైబర్ బోట్లు బాగుచేసే మేస్త్రి గారు వచ్చి, వేలితో తట్టి చప్పుడు విని, ‘ఇది చిన్న పడవే కదండీ’ అన్నారు. చీలిక అంచులను గ్రైండరుతో పలచగా అరగదీసి, ఫైబర్ మ్యాటు ముక్కలు పరచి, గట్టిపడే మందు కలిపిన రెసిన్ జిగురును కుంచెతో అద్దుతూ, బుడగలు మిగలకుండా రోలరుతో నొక్కారు. ఎండెక్కితే రెసిన్ చేతిలోనే బిగుసుకుంటుందని రోజూ తెల్లవారుజామునే పని. కూలి పుచ్చుకోలేదు, పేరు అచ్చు వేయవద్దన్నారు. వారికి సంఘం ఎంతో రుణపడి ఉంది. అడుగున పాడైన ఇనుప భాగాలను తణుకులో లేతు మీద తిప్పించి ఇచ్చిన సోదర సభ్యులకు, పాత టైరు వెతికి తెచ్చిన పాలకొల్లు సభ్యులకు కృతజ్ఞతలు.

పాలకొల్లు రైసుమిల్లు ఆవరణలో ఫిబ్రవరిలో జరిపిన ప్రదర్శనకు ఈ కారును సఖినేటిపల్లి రేవులో, బండ్లను గోదావరి దాటించే పంటు ఎక్కించాము. చీటీ రాసే కుర్రవాడు చుట్టూ తిరిగి చక్రాలు లెక్కపెట్టి ఆటో రేటు అడిగాడు. తక్కువే కదా అని కొందరు సంతోషించినా, మన అధ్యక్షులు ససేమిరా అని, ఎక్కువ పైకం కట్టి కారు చీటీయే రాయించారు. వసిష్ఠ దాటుతున్నంతసేపూ జనం గోదావరిని చూడలేదు, మన బండినే చూశారు.

ప్రదర్శనలో అరటి గెలలు మోసిన పాత బజాజ్ టెంపో, ముందు భాగమే తలుపుగా తెరుచుకునే ఇసెట్టా, ఒకరి వెనక ఒకరు కూర్చునే మెసర్‌ష్మిట్ బండ్ల చిత్రాలు ఉన్నాయి. అన్నిటికన్నా పిల్లలు ఎగబడింది వెదురు బద్దలతో కట్టిన పీల్ పి50 నమూనా దగ్గర. 1962లో మాన్ ద్వీపంలో పుట్టిన ఆ కారు పొడవు 137 సెంటీమీటర్లే. రివర్సు గేరు లేదు కనుక వెనక పిడి పట్టుకుని ఎత్తి తిప్పుకోవాలి. మనం కట్టిన పిడి మధ్యాహ్నానికే ఊడివచ్చింది. ఆవరణ ఇచ్చిన మిల్లు యజమానికి, పులిహోర పంపిన మహిళా సభ్యులకు, షామియానా వారికి ధన్యవాదాలు. కుర్చీలు సర్దడానికి స్వచ్ఛందంగా పేర్లిచ్చిన పదకొండు మందిలో సాయంత్రానికి ఇద్దరే కనిపించారు. వారిద్దరికీ వేరుగా ధన్యవాదాలు.

జమాఖర్చుల పట్టిక వెనక పేజీలో ఉంది, ఆడిటు అయినది. చందా బకాయిలున్న వారు వెళ్లేలోపు కోశాధికారి గారిని కలవగలరు.

చివరగా రిజిస్ట్రేషను సంగతి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజి వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకు వర్తిస్తాయి. మూడు చక్రాల సొంత కారు ఒకటుంటుందని రాసినవారికి తోచలేదు కాబోలు. బాదల్‌కు త్వరలో 50 నిండుతాయి కనుక ముందుగానే ఒక కార్యాలయం మెట్లు నేను ఆరుసార్లు ఎక్కాను. ఒకసారి సారు క్యాంపులో ఉన్నారు, ఒకసారి ఫైలు లేదు, ఇంకోసారి ‘మూడు చక్రాలంటే ఆటో కదా, పర్మిటు ఏదీ?’ అన్నారు. తోడు వస్తామన్న సభ్యులు ఒక్కసారీ రాలేదని కూడా ఈ నివేదికలో నమోదు చేస్తున్నాను. నిబంధనలో మూడు చక్రాల సొంత వాహనాలను చేర్చాలని కోరే వినతిపత్రాన్ని ఈరోజు సభ ఆమోదానికి పెడుతున్నాము. బండి ఫోటోలు, పాత ఆర్‌సీ నకలుతో పాటు సఖినేటిపల్లి పంటువారు రాసిచ్చిన కారు చీటీని కూడా దానికి జతపరిచాను.

ఇట్లు,
కార్యదర్శి