మెట్ల కింద మీటర్లు, మేడ తలుపుకు తాళం

విజయవాడలో స్టిల్ట్ (కింద పార్కింగుకు వదిలిన స్తంభాల అంతస్తు) మీద నాలుగైదు అంతస్తులు లేపిన చిన్న అపార్ట్‌మెంట్లలో మంటలొస్తే బయటపడే దారే ఉండడం లేదు. 18 మీటర్ల లోపు నివాస భవనాలకు అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తప్పనిసరి కాకపోవడంతో, ప్లాను మంజూరయ్యాక వీటి మెట్లవైపు చూసే నాథుడే లేడు. సత్యనారాయణపురం, పటమట సందుల్లో చూడండి: కరెంటు మీటర్ల బోర్డు మెట్ల కిందే, దాన్ని ఆనుకుని స్కూటర్లు, ఇప్పుడు ఛార్జింగులో పెట్టిన ఎలక్ట్రిక్ బండ్లు కూడా. బోర్డులో వదులైన జాయింటు వేడెక్కి అంటుకుంటే పక్కనున్న పెట్రోలు బండ్లు అందుకుంటాయి, మెట్లదారి పొగగొట్టమై పొగను నిమిషాల్లో పై అంతస్తుకు చేరుస్తుంది. ప్రాణాలు తీసేది ఎక్కువగా ఆ పొగే. కిందికి దిగలేక పైకి పరుగెత్తితే మేడ తలుపుకు తాళం, ఆ తాళంచెవి కింద వాచ్‌మన్ దగ్గర. బాల్కనీలకేమో వెల్డింగ్ చేసేసిన గ్రిల్స్. జాతీయ భవన నిర్మాణ స్మృతి మెట్లకు కనీస వెడల్పును నిర్దేశిస్తుంది. చెప్పుల స్టాండ్లు, పూలకుండీలు పోను మిగిలేది రెండడుగులు. మీటర్ల బోర్డును బయటి గోడకు మార్చాలి, కుదరని చోట ఇటుక గోడతో మెట్ల నుంచి వేరుచేయాలి. మేడ తలుపుకు మెట్లవైపు గడియ చాలు, తాళం వద్దు. ప్రతి ఫ్లాటులో ఒక గ్రిల్‌కైనా రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున కీలు తలుపు పెట్టించాలి. అంతస్తుకొక 6 కిలోల, మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్ ఉండాలి, దాని ప్రెజర్ మీటరు ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో నెలకోసారి చూడాలి. నగరపాలక సంస్థ, అగ్నిమాపక శాఖ కలిసి ఏటా వేసవికి ముందే ఈ భవనాలను తనిఖీ చేసి, సరిచేయని వాటికి గడువుతో నోటీసులివ్వాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ