దాళ్వా వేళ పులసకూ ఒక వంతు

సంపాదకుల గారికి,

శ్రావణం వచ్చిందంటే మీ పత్రికతో సహా అన్ని పత్రికల్లోనూ పులస ధర వార్త అవుతుంది. వేలంలో ఎంతకు పాడారో, పాడినవారు ఏ ఊరివారో ఫొటోతో సహా చదువుకుంటాం. అంత ధర పలకడానికి అసలు కారణం గోదావరిలో పులస పడకపోవడమేనన్న మాట మాత్రం చివరి వాక్యంలో ఇరుక్కుంటుంది, లేదా అసలు ఉండదు. పైగా ఆ పేరుతో అమ్ముడయ్యే చేపల్లో చాలావరకు ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ ఐసు పెట్టెల్లో దిగినవేనని కొనేవారికీ తెలుసు.

సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. ఎర్రనీరు, అంటే గోదావరి వరద బురదనీరు, కడలిలో కలిసే రోజుల్లో ఆ నీటి జాడ పట్టుకొని గౌతమి, వశిష్ఠ పాయల్లోకి ఎదురీదుతూ వచ్చి, మంచినీటిలో గుడ్లు పెట్టే ప్రయాణంలోనే అది పులస అవుతుంది. పిల్లలు కొన్ని నెలలు నదిలోనే పెరిగి, చలికాలం ముగిసే వేళకు సముద్రానికి దిగిపోతాయి. ఎక్కేటప్పుడైనా, దిగేటప్పుడైనా దాని బతుకు ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఏ తీరున ఉన్నాయన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఇలస జాతికి ప్రపంచం మొత్తం మీద ముప్పు లేదని శాస్త్రజ్ఞుల జాబితాలు చెప్పవచ్చు గానీ, గోదావరి చేపకు బంగ్లాదేశ్‌లోని పద్మా నది చేప బదులు కాదు.

కాటన్ దొర 1847 నుంచి 1852 వరకు కట్టిన ఆనకట్టను తప్పుపట్టేంత కృతఘ్నుణ్ణి కాను. మా ఇంట్లో మూడు తరాలుగా ఉడుకుతున్న అన్నం ఆ నీటిదే. దాని స్థానంలో వచ్చిన నేటి బ్యారేజీకి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాల్లో కలిపి 175 గేట్లు ఉన్నాయి. గేటును కొద్దిగా ఎత్తినప్పుడు దాని కింద నుంచి దూసుకువచ్చే నీటికి ఎదురీదడం పులస తరం కాదు, సాల్మన్ చేపలాగా ఎగిరి దూకే అలవాటూ దానికి లేదు. పెద్ద వరదకు గేట్లన్నీ పూర్తిగా లేచి, ఎగువ దిగువ మట్టాల మధ్య తేడా తగ్గిపోయిన ఆ కొద్ది రోజుల్లోనే దానికి దారి దొరుకుతుంది. వరద తగ్గుముఖం పట్టగానే గేట్లన్నీ ఒక్కసారిగా దించకుండా, కాలువలకు కావలసిన మట్టం చెడకుండా ఎన్ని గేట్లను ఎన్ని రోజులు ఎత్తి ఉంచవచ్చో ఇంజినీర్లు లెక్క కట్టగలరు. ఆ రోజుల్లో వదిలేది ఎలాగూ మిగులు నీరే. ఇక్కడికి 42 కిలోమీటర్ల ఎగువన పోలవరం స్పిల్‌వేలో పులస కోసమని చేపల మెట్లు ఏర్పాటు చేశారు. మంచిదే. కానీ చేప ముందు ధవళేశ్వరం దాటాలి కదా!

నాచేత ఈ ఉత్తరం రాయించినది మాత్రం వరద కాదు, దాళ్వా (రెండో పంట వరి) కాలం. మొన్న ఫిబ్రవరిలో బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ దిగువకు దిగి చూశాను. నది ఉండవలసిన చోట ఇసుక తిన్నెలు, వాటి మధ్య మోకాలి లోతు మడుగులు ఉన్నాయి. ఒక మడుగులో వేలెడేసి పొడవున్న వెండిరంగు పిల్లలు గుంపుగా తిరుగుతుంటే ఇద్దరు కుర్రాళ్లు తువ్వాలుతో వాటిని తోడుతున్నారు. అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన వాటిని చూసి, "ఇలస పిల్లలండీ, నీళ్లుంటే ఈపాటికి సముద్రంలో ఉండాల్సినవి" అన్నాడు. గేట్లన్నీ మూసి, చుక్క మిగలకుండా మూడు కాలువలకూ మళ్లించే ఆ నెలల్లో పాయల్లోకి దిగువ నుంచి పోటు నీరు ఎక్కడమే తప్ప పైనుంచి మంచినీరు రాదు.

దాళ్వాకే నీరు చాలక సీలేరు నుంచి తెప్పించుకుంటున్నప్పుడు చేపలకు వదలమంటారా అని మా రైతులే అడుగుతారు, నేనూ రైతునే. 500 క్యూసెక్కుల చొప్పున 60 రోజులు వదిలినా అయ్యేది 2.6 టీఎంసీలు, దాళ్వాకు కావాలని చెప్పే 80, 90 టీఎంసీల పక్కన అదెంత? ఇంత చాలునో చాలదో మత్స్య శాస్త్రజ్ఞులు తేల్చాలి. శివారు భూములకు వంతులవారీగా నీరిచ్చినట్టే నదికీ ఒక వంతు పెట్టమని అడుగుతున్నాను. ఆ నీటితో పాయల వెంట ఊళ్లలో ఉప్పెక్కుతున్న బోర్లకూ ఎంతో కొంత మేలు జరుగుతుంది.

అమెరికాలో కొలరాడో నదికి ఉపనది అయిన గ్రీన్ నది మీద ఫ్లేమింగ్ గార్జ్ డ్యామ్ ఉంది. అక్కడ అంతరించిపోతున్న రేజర్‌బ్యాక్ సకర్ అనే చేప కోసం 2012 నుంచి ఒక పద్ధతి పాటిస్తున్నారు. నదిలో దీపపు బోనులు (వెలుగుకు చేపపిల్లలు వచ్చి చిక్కే బోనులు) పెట్టి, అప్పుడే పుట్టిన పిల్లలు వాటిలో కనిపించిన తరువాతే డ్యామ్ నుంచి పెద్ద ప్రవాహం వదులుతారు. ఆ నీటితో పిల్లలు ఒడ్డు పక్క చిత్తడి మడుగుల్లోకి చేరి పెరుగుతాయి. వేలంలో ఎవరూ పాడని చేప కోసం వాళ్లు తేదీ చూసి నీరు వదులుతుంటే, మనం పులస పేరు చెప్పుకుంటూనే గేట్లు బిగిస్తున్నాం.

తప్పంతా నీటిదే అనను. తూర్పు తీరంలో వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది, సరిగ్గా ఎర్రనీరు రావడానికి ముందు. ఆ తరువాత నదీ ముఖాల దగ్గర వలల గోడ లేస్తుంది. దాన్నీ సరిచేయాలి. అయితే వలకు నిషేధమైనా ఉంది, గేటుకు ఏ నియమమూ లేదు. గంగానది ఎగువ భాగంలో ఏ కాలంలో ఎంత శాతం ప్రవాహం నదిలోనే ఉంచాలో కేంద్రం 2018 అక్టోబరులో నోటిఫై చేసింది: నవంబరు నుంచి మార్చి వరకు నెలవారీ సగటు ప్రవాహంలో 20 శాతం. గోదావరికి మాత్రం అలాంటి మాటెత్తితే "వృథాగా సముద్రం పాలు" అన్న శీర్షిక సిద్ధంగా ఉంటుంది.

దాళ్వా మీద నీటిపారుదల సలహా మండలి సమావేశం త్వరలో జరుగుతుంది. అందులో మత్స్యకారులకు కూడా మాట్లాడే అవకాశం ఇవ్వాలి. మీ విలేకరి అక్కడికి వెళ్లినప్పుడు కాలువలకు ఎన్ని క్యూసెక్కులు కేటాయించారన్న దానితోపాటు బ్యారేజీ దిగువకు ఎన్ని వదలబోతున్నారన్నది కూడా అడిగి, ఆ అంకె సున్నా అయినా సరే, ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రావులపాలెం