బల్లేలు పంచితే ఎలుగుల భయం తీరదు

సంపాదకులకు నమస్కారం.

మా ఉద్దానంలో ఎలుగుబంటి ఎవరిమీదైనా పడిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట వినిపిస్తోంది, తోటకెళ్లే వాళ్లందరికీ తలా ఒక బల్లెం ఇచ్చేస్తే సరిపోతుంది, ఫారెస్టు వాళ్ల కోసం ఎదురుచూడక్కర్లేదు అని. ఆ కోపం నాకు అర్థమవుతుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, మర్నాడు ఇంకొందరు తీవ్రంగా గాయపడ్డారు, అది ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. కానీ బల్లెం మాట మాత్రం నేను ఒప్పుకోను.

జీడిపిక్కలు ఏరే పని ఎలా ఉంటుందో ఒక్కసారి చూడండి. తెల్లవారుతూనే వెళ్లి, కొమ్మలు నేలదాకా వాలిన జీడిచెట్టు కింద నడుం వంచి, ఒక చేత్తో ఎండుటాకులు తోస్తూ ఇంకో చేత్తో రాలిన పండు తీసి, పిక్క తిప్పి ఊడదీసి బుట్టలో వేస్తారు. ఆ పళ్ల కోసమే ఎలుగూ వస్తుంది. దానికి వాసన బాగా తెలుస్తుంది గానీ చూపు అంతంతమాత్రం, తిండి మీద ఉంటే మనిషి అలికిడి కూడా పట్టించుకోదు. నాలుగడుగుల దూరంలో ఇద్దరూ ఒక్కసారే ఉలిక్కిపడతారు, అప్పుడది పారిపోకుండా తల మీద, ముఖం మీద పడుతుంది. వంగి ఉన్న ఆడమనిషికి చెట్టుకు ఆనించిన బల్లెం ఎప్పుడు అందాలి?

పోనీ చేతిలోనే ఉందనుకుందాం. విసిరితే ఇక చేతిలో ఏమీ మిగలదు. పొడిస్తే, ఒత్తయిన ఆ వెంట్రుకలు దాటి మొన దిగినా జంతువు ఆగుతుందన్న నమ్మకం లేదు, గుచ్చుకున్న బల్లెంతోనే ముందుకు తోసుకొస్తుంది. యూరప్‌లో అడవిపందుల్ని బల్లెంతో వేటాడిన రోజుల్లో మొన కింద అడ్డంగా ఇనుప రెక్కలు పెట్టించుకున్నది ఇందుకే, పంది కర్ర వెంబడి మనిషి దాకా రాకుండా. అక్కడ కుక్కలు ఉండేవి, పక్కన తోడు మనుషులు ఉండేవాళ్లు, అది నేర్చుకుని చేసే పని. బుట్ట పట్టుకుని ఒంటరిగా వెళ్లే మనిషికి ఆ ధైర్యం నూరిపోయడం అన్యాయం. సగం గాయపడి పొదలోకి వెళ్లిన ఎలుగు రేపు పక్క తోటలో ఎవరి మీద పడుతుందో.

చట్టం విషయంలోనూ జనానికి సగమే తెలుసు. ప్రాణం కాపాడుకోవడానికి సదుద్దేశంతో అడవి జంతువును కొట్టినా, చివరికి చంపినా నేరం కాదని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో సెక్షన్ 11 చెబుతోంది. కేసు భయంతో చేతులు ముడుచుకోవాల్సిన పని లేదు. అయితే అప్పటికే చట్టాన్ని ఉల్లంఘిస్తున్న వాడికి ఆ రక్షణ వర్తించదు. మీద పడ్డ ఎలుగును కొట్టడం వేరు, పదిమంది బల్లేలు పట్టుకుని దాన్ని వెతుక్కుంటూ వెళ్లడం వేరు. రెండోది వేట. ఎలుగు ఆ చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువు, నేరం రుజువైతే కనీసం మూడేళ్ల జైలు. ఆవేశంలో వెళ్లే కుర్రాళ్లకు ఈ మాట ముందే ఎవరో ఒకరు చెప్పాలి.

2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను చంపాక భక్తులకు చేతికర్రలు ఇస్తామంటే చాలామంది నవ్వారు. నాకైతే అందులో నవ్వాల్సిందేమీ కనిపించలేదు. పొడవాటి కర్ర నేలకు తాటిస్తూ నడిస్తే చప్పుడవుతుంది, జంతువుకూ మనకూ మధ్య కాస్త దూరం ఉంటుంది. అక్కడ కర్ర ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు, జనాన్ని గుంపులుగా పంపారు, మధ్యాహ్నం తర్వాత పిల్లల్ని ఆ దారిలో రానివ్వలేదు.

మాకూ అలాంటిదే కావాలి. బాగా వెలుగొచ్చాకే తోటలోకి వెళ్లాలి, ఇద్దరు ముగ్గురు మాట్లాడుకుంటూ ఏరాలి, నేలకు వాలిన కొమ్మలు కొట్టించాలి. చెప్పడానికి తేలికే. రెండెకరాల రైతుకు తోడు కూలీని పెట్టుకునే స్తోమత ఎక్కడిది? పిక్కలు రాలే ఆ రెండు మూడు నెలలైనా ప్రభుత్వం ఊరికి ఇద్దరు కాపలా మనుషుల్ని పెట్టి, కూలి తనే ఇవ్వాలి. గాయపడిన వాళ్లకు పరిహారం ఆస్పత్రిలో ఉండగానే అందాలి. సెక్షన్ 11లో ఏముందో తెలుగులో రాసి ప్రతి సచివాలయం గోడకు అంటించాలి. మీరు కూడా దాడి జరిగాక ఫొటోలు వేయడంతో సరిపెట్టకుండా, మార్చిలో పిక్కలు రాలడం మొదలవక ముందే జిల్లా పేజీలో ఈ జాగ్రత్తలు వేయండి.

ఇట్లు,
ఒక జీడి రైతు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా