తుఫాను ఎక్కడ తీరం దాటుద్దో సరే, మాకు ఎంత వాన పడుద్దో చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

అక్టోబర్ వచ్చిందంటే మా చెన్నైలో తుఫాను కబుర్లు మొదలు, టీవీ పెడితే మ్యాప్ మీద సుడి తిరుగుతా ఉంటది, ఎక్కడ తీరం దాటుద్ది, గాలి గంటకి ఎన్ని కిలోమీటర్లు, పొద్దస్తమానం ఇదే గోల. ఏమనుకోకండి, మీ పేపర్లో కూడా అంతే. నెల్లూరు, ఒంగోలు వైపు మనవాళ్లకి అది కావాల్సిందే, కాదనను. కానీ మా చెన్నైలో వేలచ్చేరి, ముడిచ్చూరు, పెరుంబాక్కం లాంటి చోట్ల ఉండేవాళ్లని ఎక్కువసార్లు ముంచింది గాలి కాదండీ, నీళ్లు.

2023 డిసెంబర్లో మిచౌంగ్ తుఫాను సంగతే చూడండి. అది తీరం దాటింది 5వ తేదీన, బాపట్ల దగ్గర. చెన్నై మునిగింది అంతకుముందే, 3, 4 తేదీల్లో, అది మన తీరం పక్కనే మెల్లగా కదులుతూ కుమ్మేసింది కాబట్టి. మా ఆడపడుచు ఒంగోలు నుంచి ఫోన్ చేసి "మీకేం భయం లేదులే వదినా, తుఫాను మా వైపు వస్తందంట" అంటది, అప్పటికి మా అపార్ట్‌మెంట్‌లో కింద నుంచి మూడో మెట్టు కనపట్లేదు. 2015 డిసెంబర్ వరదకైతే అసలు పేరు పెట్టిన తుఫానే లేదు. పైగా మా ఏరియా నీళ్లన్నీ పళ్లికరణై చిత్తడి నేల మీదుగా సముద్రంలోకి పోవాలి, తుఫాను టైంలో సముద్రమే పొంగి ఉంటే ఇంక ఎక్కడికి పోతాయి, వాన ఆగినా నీళ్లు తీయవు. 2016లో వర్దా మాత్రం వేరు, అది నిజంగా గాలి తుఫానే, వీధి వీధికీ చెట్లు కూలినయ్, కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటిదైతే బాల్కనీలో పూలకుండీలు, సింటెక్స్ మూతలు, డిష్ యాంటెన్నా చూసుకోవాలి, అంతే.

నీళ్ల తుఫానుకి మాత్రం అందరూ కొవ్వొత్తులు, బ్రెడ్డు, మ్యాగీ కొనేసి రెడీ అయిపోయాం అనుకుంటారు, అసలు చూడాల్సింది సంపు! వరద నీళ్లు అంటే ఒట్టి వాన నీళ్లు కాదు, డ్రైనేజీ కలిసిన నీళ్లు, సంపు మూత నేలకి సమానంగా ఉంటే అది నేరుగా లోపలికి దిగుద్ది, పైన టీ రంగులో తేట, కింద నల్లటి బురద, మూత తీస్తే ఆ వాసనకి నిలబడలేం. ఇంక ఆ సంపు కడిగించి, బ్లీచింగ్ వేయించి, మళ్లీ నింపేదాకా బిల్డింగ్ మొత్తానికి నీళ్లు లేనట్టే. అందుకే అలర్ట్ రాగానే కరెంటు ఉండగానే పైన ట్యాంకు నిండా ఎక్కించేసి, వీలైతే సంపు చుట్టూ రెండు వరసలు ఇటుక కట్టించాలి, లేదంటే మూత మీద మందపాటి ప్లాస్టిక్ షీట్ పరిచి చుట్టూ ఇసుక బస్తాలు వేయాలి. తాగే నీళ్ల క్యాన్లు ముందే తెప్పించుకోవాలి, తర్వాత క్యాన్ కుర్రాడు రమ్మన్నా రాలేడు పాపం.

రెండోది కరెంటు. చాలా అపార్ట్‌మెంట్లలో మీటర్ బోర్డులు కింద పార్కింగ్‌లో నడుం ఎత్తులోనే ఉంటాయి, అవి పైకి మార్పించమని మీటింగ్‌లో అంటే ఖర్చు అంటారు. లిఫ్ట్ పై అంతస్తులో ఆపి స్విచ్ ఆఫ్ చేయాలి, కిందే వదిలేస్తే గుంటలోకి నీళ్లు దిగి నెలల తరబడి మెట్లెక్కడమే, మోకాళ్ల నొప్పులున్న అత్తగార్లు ఉన్న ఇళ్లలో అడగండి చెప్తారు. కింద ఇళ్లవాళ్లు ఇన్వర్టర్ బ్యాటరీని టేబుల్ మీదకి ఎక్కించుకోవాలి. నీళ్లు లోపలికి వస్తున్నాయంటే ముందు మెయిన్ ఆఫ్, తర్వాతే సామాన్లు.

కార్ల గురించి చెప్పక్కర్లేదు, వేలచ్చేరి ఫ్లైఓవర్ మీద లైనుగా పెట్టిన కార్ల ఫోటోలు 2024 అక్టోబర్లో దేశమంతా చూసి నవ్వింది. నవ్వితే నవ్వారు, నన్నడిగితే అందులో తెలివే ఉంది. మునిగిన కారుని స్టార్ట్ చేశారంటే ఇంజన్ పోద్ది, మామూలు ఇన్సూరెన్స్‌లో అది చాలావరకు ఇవ్వరు, కాబట్టి తాళం తిప్పకుండా తోసుకుంటూ పోవడమే.

చిల్లర డబ్బులు దగ్గరుంచుకోండి, టవర్లకి కరెంటు లేకపోతే కాసేపటికి ఫోన్ కూడా పోద్ది, ఇంక జీపే ఎక్కడిది. మిచౌంగ్ టైంలో పాలకి జనం పడ్డ అవస్థ చూశాం, చంటిపిల్లలున్న వాళ్లు పాలపొడి పెట్టుకోవాలి. బీపీ, షుగర్ మందులు వారానికి సరిపడా తెచ్చుకోండి.

నా రిక్వెస్ట్ ఒక్కటేనండీ. ఆరెంజ్ అలర్ట్ అంటే మామూలుగా 24 గంటల్లో 12 నుంచి 20 సెంటీమీటర్ల దాకా వాన, రెడ్ అంటే అంతకు మించి పడొచ్చని, ఈ లెక్క చెన్నై ఎడిషన్‌లో మొదటి పేజీలో వేయండి, పక్కనే కార్పొరేషన్ హెల్ప్‌లైన్ నంబర్ 1913 కూడా. అరవం చదవడం రాని మన పెద్దవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు, వాళ్లకి మీ పేపరే దిక్కు. అదీ రెండు మూడు రోజులు ముందే వేయండి, వాన మొదలయ్యాక పేపర్ కుర్రాడు మా వీధిలోకి ఎలాగూ రాలేడు.

- ఒక పాఠకురాలు, వేలచ్చేరి, చెన్నై