బిల్డ్ సర్వర్‌కు డ్రైవ్ కనిపించకపోతే అడ్మిన్ ఖాతా మందు కాదు

సంపాదకులు గారికి,

లాగిన్ అయి చూస్తే జెడ్ డ్రైవ్ (వేరే సర్వర్‌లోని షేర్‌కు, అంటే నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్‌కు, తగిలించిన అక్షరం) చక్కగా తెరుచుకుంటుంది, అదే సర్వర్‌లో జెన్‌కిన్స్ (కోడ్‌ను దానంతటదే ప్రోగ్రాముగా తయారుచేసే సాఫ్ట్‌వేర్) నడిపే బిల్డ్ మాత్రం 'పాత్ దొరకలేదు' అని ఆగిపోతుంది. విండోస్ మీద బిల్డ్‌లు నడిపే చోటల్లా ఉన్న ఫిర్యాదే ఇది. దీనికి వెంటనే దొరికే సలహా కూడా మారదు: సర్వీసును (ఎవరూ లాగిన్ కాకపోయినా వెనక నడిచే ప్రోగ్రామును, ఇక్కడ జెన్‌కిన్స్‌ను) డొమైన్ అడ్మిన్ ఖాతాతో (ఆఫీసు నెట్‌వర్క్‌లోని యంత్రాలన్నిటి మీదా అధికారం ఉన్న ఖాతాతో) నడపండి, లేదా షేర్‌కు 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్' ఇచ్చేయండి. ఇది ప్రమాదకరమైన సలహా. పైగా అసలు జబ్బుకు తగలని మందు, ఎందుకంటే అడ్మిన్ ఖాతా పెట్టినా ఆ సర్వీసుకు జెడ్ డ్రైవ్ కనిపించదు. అమీర్‌పేటలో డెవాప్స్ కోర్సు పూర్తిచేసి, తొలి ఉద్యోగంలోనే ఇలాంటి సర్వర్లు చూసుకునే పిల్లలు మీ పాఠకుల్లో చాలామంది ఉంటారు కనుక కాస్త వివరంగా రాస్తున్నాం.

డ్రైవ్ అక్షరం యంత్రానిది కాదు, లాగిన్ సెషన్‌ది. మీరు రిమోట్ డెస్క్‌టాప్‌లో లాగిన్ అయితే ఒక సెషన్. సర్వీసు మొదలైతే దానిది వేరే సెషన్. రెండూ ఒకే యూజర్ పేరుతో నడిచినా ఇందులో తేడా రాదు. జెడ్ అనేది ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు. పోస్ట్‌మ్యాన్‌కు కావలసింది ఇంటిపేరూ డోర్ నంబరూ. నెట్‌వర్క్‌లో ఆ పూర్తి చిరునామా \\ఫైల్‌సర్వర్\బిల్డ్స్ అనే యూఎన్‌సీ పాత్. ఏజెంట్‌ను (బిల్డ్‌ను నడిపే జెన్‌కిన్స్ ప్రోగ్రామును) కమాండ్ విండోలో చేత్తో నడిపినప్పుడు బిల్డ్ పాసై, సర్వీసుగా పెట్టగానే ఫెయిలవుతోందంటే మొదట అనుమానించాల్సింది ఈ తేడానే. రిజిస్ట్రీలో 'ఎనేబుల్ లింక్డ్ కనెక్షన్స్' విలువను 1 చేయమని కొందరు చెబుతారు. అది మామూలు విండోకూ, 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' విండోకూ మధ్య తేడాను తీరుస్తుంది. సర్వీసులకు అది పనిచేయదు.

ఊహించడం మాని, ముందు బిల్డ్ జాబ్‌లోనే మూడు కమాండ్లు నడపాలి. 'హూయామై' కొడితే సర్వీసు ఏ ఖాతాతో నడుస్తోందో తెలుస్తుంది. 'నెట్ యూజ్' కొడితే ఆ సెషన్‌లో ఏ డ్రైవులున్నాయో తెలుస్తుంది. చాలాసార్లు జాబితా ఖాళీగా వస్తుంది. ఆ తర్వాత 'నెట్ యూజ్' పక్కనే పూర్తి యూఎన్‌సీ పాత్ ఇచ్చి మళ్లీ కొట్టాలి. ఇక్కడ వచ్చే ఎర్రర్ నంబరే దారి చూపిస్తుంది. 5 వస్తే అనుమతి లేదు. 53 వస్తే సర్వర్ దాకా చేరలేదు: పేరు, డీఎన్ఎస్, ఫైర్‌వాల్‌లో 445 పోర్టు చూడాలి. 67 వస్తే షేర్ పేరు తప్పు అయి ఉండొచ్చు. 1326 అంటే యూజర్ పేరో పాస్‌వర్డో సరిపోలేదు. 1219 మాత్రం చాలామందిని తికమక పెడుతుంది: ఒకే సెషన్ నుంచి ఒకే ఫైల్ సర్వర్‌కు రెండు వేర్వేరు యూజర్ పేర్లతో కనెక్ట్ కావడాన్ని విండోస్ ఒప్పుకోదు. పాత కనెక్షన్‌ను 'నెట్ యూజ్ డిలీట్'తో తీసేస్తేనే కొత్తది కుదురుతుంది.

'హూయామై'లో 'ఎన్‌టీ అథారిటీ\సిస్టమ్' అని, అంటే విండోస్ సొంత ఖాతా అయిన లోకల్ సిస్టమ్ అని వచ్చిందనుకుందాం. డొమైన్‌లో ఉన్న యంత్రమైతే లోకల్ సిస్టమ్ నెట్‌వర్క్ మీదికి కంప్యూటర్ ఖాతా పేరుతో వెళుతుంది. యంత్రం పేరు చివర డాలర్ గుర్తు ఉండే ఖాతా అది. షేర్ అనుమతి ఆ ఖాతాకు ఇవ్వొచ్చు. అయితే అనుమతుల విండోలో 'ఆబ్జెక్ట్ టైప్స్' నొక్కి 'కంప్యూటర్స్' టిక్ పెట్టాలి, లేకపోతే పేరు ఎన్నిసార్లు కొట్టినా దొరకదు. షేరింగ్ ట్యాబ్‌లోనూ, సెక్యూరిటీ ట్యాబ్‌లోనూ, రెండుచోట్లా ఇవ్వాలి. రెండింటిలో ఏది తక్కువో అదే చెల్లుతుంది. డొమైన్‌లో చేరకుండా వర్క్‌గ్రూప్‌లో ఉన్న యంత్రంలో ఈ దారి లేదు. అక్కడ రెండు యంత్రాల్లోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో లోకల్ ఖాతా సృష్టించి, సర్వీసును దానితో నడపాలి.

మా అభిప్రాయంలో లోకల్ సిస్టమ్‌ను వదిలి బిల్డ్ కోసమే ఒక విడి ఖాతా పెట్టడం మేలు. సోర్సు ఫోల్డర్‌కు రీడ్, బిల్డ్ అయిన ఫైళ్లు పడే ఫోల్డర్‌కు మాడిఫై, అంతకు మించి ఏమీ వద్దు. సర్వీసెస్ విండోలోని 'లాగ్ ఆన్' ట్యాబ్‌లో ఖాతాను మారిస్తే 'లాగ్ ఆన్ యాజ్ ఎ సర్వీస్' హక్కు దానంతటదే వస్తుంది. కానీ డొమైన్ గ్రూప్ పాలసీలో (యంత్రాలన్నిటికీ ఒకేచోట నుంచి పెట్టే నియమాల్లో) ఆ హక్కుకు ముందే జాబితా ఉంటే పాలసీ రిఫ్రెష్ అయ్యాక మన ఖాతా అందులోంచి పోతుంది. అప్పటికే నడుస్తున్న సర్వీసు నడుస్తూనే ఉంటుంది. తర్వాతి రీస్టార్ట్‌లో 1069 ఎర్రర్‌తో పడిపోతుంది. పాస్‌వర్డ్ గడువు తీరినా ఇదే తంతు; డొమైన్ డిఫాల్ట్ గడువు 42 రోజులు. 'పాస్‌వర్డ్ నెవర్ ఎక్స్‌పైర్స్' టిక్ పెట్టే బదులు విండోస్ సర్వర్ 2012 నుంచి ఉన్న గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్ వాడండి. దాని పాస్‌వర్డ్‌ను డిఫాల్ట్‌గా 30 రోజులకోసారి డొమైనే మారుస్తుంది, ఏ మనిషికీ తెలియాల్సిన పని లేదు. సర్వీసులో ఖాతా పేరు చివర డాలర్ గుర్తు పెట్టి, పాస్‌వర్డ్ గడి ఖాళీగా వదలాలి.

ఖాతా మార్చిన రోజే ఇంకో 'యాక్సెస్ డినైడ్' రావచ్చు. అది నెట్‌వర్క్‌ది కాకపోవచ్చు: పాత వర్క్‌స్పేస్ (బిల్డ్ జరిగే ఫోల్డర్) ఫైళ్లన్నీ లోకల్ సిస్టమ్ పేరుతో తయారై ఉంటాయి, కొత్త ఖాతాకు ఆ ఫోల్డర్ మీద మాడిఫై ఇవ్వాలి. కోడ్ దాచే గిట్ లాగిన్ వివరాలు, ఎస్ఎస్‌హెచ్ కీలు, జావా బిల్డ్ టూల్ మేవెన్ క్యాష్ కూడా పాత ప్రొఫైల్‌లోనే ఉండిపోతాయి.

ఇక స్క్రిప్టుల సంగతి. కమాండ్ ప్రాంప్ట్ యూఎన్‌సీ పాత్‌ను కరెంట్ డైరెక్టరీగా ఒప్పుకోదు; బ్యాచ్ ఫైలును అలాంటి చోటు నుంచి మొదలుపెడితే హెచ్చరిక ఒకటి చూపించి విండోస్ ఫోల్డర్‌లో నిలబడుతుంది. ఆ తర్వాతి లైనులో 'డెల్ స్టార్ డాట్ స్టార్' (ఉన్నచోట ఫైళ్లన్నీ చెరిపే కమాండ్) ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 'సీడీ' బదులు 'పుష్‌డీ' వాడితే జెడ్ నుంచి వెనక్కి లెక్కపెడుతూ ఖాళీగా ఉన్న అక్షరాన్ని తాత్కాలికంగా తగిలిస్తుంది, 'పాప్‌డీ' దాన్ని తీసేస్తుంది. బిల్డ్‌ను మధ్యలో చంపితే 'పాప్‌డీ' నడవదు కాబట్టి ఆ అక్షరాలు సర్వీసు సెషన్‌లో పోగవుతాయి. జెన్‌కిన్స్ ఫైల్‌లో (బిల్డ్ ఎలా నడవాలో రాసే ఫైల్‌లో) మామూలు కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే ప్రతి బ్యాక్‌స్లాష్‌నూ రెండుసార్లు రాయాలి, అంటే పాత్ మొదట్లో నాలుగు. డ్రైవ్ అక్షరం లేనిదే నడవని పాత టూల్ ఉంటే, సీ డ్రైవులో 'ఎంకేలింక్' స్లాష్ డీతో షేర్‌కు సింబాలిక్ లింక్ పెట్టండి, అది అన్ని సెషన్లకూ కనిపిస్తుంది. స్లాష్ జే జంక్షన్లు నెట్‌వర్క్ పాత్‌కు పనికిరావు. జాబ్‌లోనే 'నెట్ యూజ్' చేయడమూ కుదురుతుంది కానీ, ఒకే ఏజెంట్ మీద రెండు బిల్డ్‌లు ఒకేసారి నడిచి ఒకే అక్షరం అడిగితే రెండోది 85 ఎర్రర్‌తో ఆగుతుంది.

పాస్‌వర్డ్‌ను మాత్రం బ్యాచ్ ఫైల్లో రాయకండి. అది గిట్‌లోకీ, బిల్డ్ లాగ్‌లోకీ చేరుతుంది. సర్వీసు ఖాతాకే షేర్ మీద అనుమతి ఉంటే 'నెట్ యూజ్'కు పాస్‌వర్డే అక్కర్లేదు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2020 డిసెంబరులో బయటపడిన, సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద జరిగిన దాడిలో దుండగులు చొరబడింది బిల్డ్ వ్యవస్థలోకే. ఆ కంపెనీ ఓరియన్ సాఫ్ట్‌వేర్ తయారవుతుండగానే తమ కోడ్ కలిపారు. దానికి కంపెనీ సంతకమే పడి, అప్‌డేట్ రూపంలో వేలాది సంస్థలకు వెళ్లింది. బిల్డ్ ఫైళ్లుండే షేర్‌కు 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్' ఇస్తే ఆఫీసులో వైరస్ సోకిన ఏ ఒక్క ల్యాప్‌టాప్ నుంచైనా ఆ ఫైళ్లను మార్చేయొచ్చు. డొమైన్ అడ్మిన్ ఖాతాతో నడిచే బిల్డ్ సర్వర్‌లోనైతే స్క్రిప్టులో ఒక లైను మార్చగలిగిన ప్రతివాడికీ మొత్తం డొమైన్ చేతికొస్తుంది.

మార్పులన్నీ చేశాక సర్వర్‌ను రీస్టార్ట్ చేసి, ఎవరూ లాగిన్ కాకుండానే, వేరే యంత్రంలోని బ్రౌజర్ నుంచి బిల్డ్‌ను మొదలుపెట్టండి. మనిషి సెషన్ ఏదీ లేనప్పుడు పాసైతేనే అది పాసైనట్టు.

ఇట్లు,
కొందరు బిల్డ్ ఇంజినీర్లు, హైదరాబాద్