ఆదివారం మేడమీద పూలకుండీల పని

అందరికీ నమస్కారం.

మూడు రోజులుగా ముసురు పట్టి హనుమకొండ తడిసి ముద్దయింది. బంతి నారు నాటడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు మేడమీద కలుద్దాం. వాన జోరందుకుంటే కింద పార్కింగులో.

బంతి విత్తనం వేశాక పూయడానికి దాదాపు 2 నెలలు పడుతుంది. ఇప్పుడు మొదలుపెడితేనే ఎంగిలిపూల నాటికి మన కుండీల పూలతో బతుకమ్మను పేర్చగలం. నాకు ఎంతో కాలంగా ఉన్న కోరిక ఇది.

ఇంటికి రెండు కుండీలు తెచ్చుకోండి, పాత బకెట్లయినా సరే. అడుగున రంధ్రం మాత్రం ఉండాలి. వానాకాలంలో నీళ్లు నిలిచి వేరు కుళ్లడం వల్లే ఎక్కువ మొక్కలు పోతాయి. రంధ్రం మీద పెంకు ముక్క పెట్టి, ఆపైన మట్టి నింపుదాం. ఎర్రమట్టి, పశువుల ఎరువు, నారు నేను తెప్పిస్తున్నాను. ఇంటికి 100 రూపాయలు.

ఎన్ని కుండీలో శనివారం సాయంత్రంలోగా ఇక్కడ రాయండి.

పిల్లలను తప్పకుండా తీసుకురండి. మట్టిలో చేతులు పెట్టే అవకాశం వాళ్లకు ఎక్కడ దొరుకుతోంది?

పని అయ్యాక మా ఇంట్లో మక్క గుడాలు, అల్లం చాయ్. తర్వాత ఎవరింట్లో వాళ్లు కిటికీ పక్కన కూర్చుని హాయిగా వాన చూసుకోవచ్చు.

మరొక్క మాట: కుండీల కింది పళ్లేల్లో నీళ్లను రెండు రోజులకోసారి పారబోయండి. డెంగీ దోమలు పెరిగేది అక్కడే.